కండె ఎవరు చుట్టారు?

మా అమ్మ బతుకంతా కండెలు చుట్టింది. మగ్గం గుంటలో కూర్చునేది నాన్న, రాట్నం ముందు కూర్చునేది అమ్మ. చిలప విప్పి నూలు కండెకు చుట్టడం, పోగు తెగితే ముడి వేయడం, మళ్లీ చుట్టడం. ఆ కండె నాడెలో పడి అటూ ఇటూ పరుగెత్తితేనే పడుగులోకి పేక పడుతుంది, చీర అవుతుంది. సొసైటీ పుస్తకంలో మాత్రం నాన్న పేరు ఒక్కటే ఉండేది. ఎవరైనా అడిగితే అమ్మ కూడా "ఆయన నేస్తారండీ, నేను ఇంట్లోనే ఉంటాను" అనేది.

ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో కణవిభజన పాఠం వచ్చినప్పుడు "కండె తంతువులు" అన్న మాట చూసి క్లాసులోనే నవ్వేశాను. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరోవైపు లాగే పోగులవి. ఇంటికొచ్చి నాన్నకు బొమ్మ చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది కండె కాదే పిచ్చిదానా, కదురు. మధ్యలో ఉబ్బి రెండు కొసలా సన్నబడింది చూడు, కదురు మీద నూలు చుట్టుకుంటే ఇలాగే ఉంటుంది" అన్నారు. ఆయన మాటే నిజం. ఇంగ్లీషులో స్పిండిల్ అంటే నూలు వడికే కదురే. కానీ పుస్తకం రాసినవాళ్లు కండె అన్నారు, నాకు అదే అలవాటైపోయింది. పైగా కండె అంటే నాకు అమ్మ గుర్తొస్తుంది కాబట్టి మార్చుకోవాలనీ లేదు.

ఇప్పుడు నేను ఒక ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియాలజిస్టుని. అండాలు, శుక్రకణాలు, పిండాలు, ఇదీ నా రోజు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఓ జంట. గుర్తు పట్టకుండా వివరాలు మార్చాను, జరిగింది మాత్రం ఇంతే. అమ్మాయికి ముప్ఫై కూడా లేవు. ఆరు అండాలకు ఇక్సీ చేశాం, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో శుక్రకణాన్ని సన్నని గాజుసూదితో నేనే పెట్టాను. మర్నాడు చూస్తే నాలుగింట్లో రెండు ప్రోన్యూక్లియస్‌లూ, అంటే క్రోమోజోములున్న రెండు కేంద్రకాలూ కనిపించాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కానీ రెండూ ఎక్కడివక్కడే, గొడవపడి చెరో గదిలో కూర్చున్న మొగుడూ పెళ్లాల్లా. దగ్గరికి రాలేదు. ఆ మర్నాటికీ ఒక్క అండమూ రెండు కణాలుగా విడిపోలేదు.

కౌన్సెలింగ్ గదిలో డాక్టరు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఎగ్ క్వాలిటీ బాలేదమ్మా." పక్కనే ఉన్న అత్తగారు అందుకుని, "నేను ముందే అన్నాను. పొలం చవుడైతే ఎంత మంచి విత్తనం చల్లి ఏం లాభం?" అన్నారు. అబ్బాయి రిపోర్టు నార్మల్. కౌంటు బాగుంది, కదలిక బాగుంది. ఆ అమ్మాయి తల వంచుకుంది. నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను, నోరు విప్పలేదు. అప్పుడు అనాల్సిన మాటే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అన్నది మన ధర్మశాస్త్రాల నాటి పోలిక. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అని సామెత కూడా ఉంది. బాగా జరిగితే గొప్ప విత్తుది, జరగకపోతే తప్పు నేలది. లెక్క అలా కుదిరింది. గొడ్రాలు అన్న మాటకు మగరూపం మా ఊళ్లో నేనెప్పుడూ వినలేదు. ఇక స్కూల్లో, వీడియోల్లో చెప్పే శుక్రకణాల పరుగుపందెం కథ ఈ పొలం కథకే ప్యాంటూ చొక్కా తొడిగినట్టుంటుంది. కోట్లమంది వీరులు, ఒక్కడి గెలుపు, చివర్లో ఊరకే ఎదురుచూస్తూ గుండ్రంగా కూర్చున్న అండం.

అండం ఊరకే కూర్చుని ఉండదు. మా మైక్రోస్కోపు కిందికి వచ్చే పక్వమైన అండం ఓ పని మధ్యలో ఆగి ఉంటుంది. అండం తయారీలో జరిగే రెండు విభజనల్లో రెండోది, రెండో క్షయకరణ విభజన, దాని సగంలో, క్రోమోజోములన్నీ కండె నడుమ వరసగా నిలబడి, "ఊ" అంటే విడిపోవడానికి సిద్ధంగా. నెట్ బాల్ ఆటలో బంతి పట్టుకుని ఒంటికాలిపై ఆగిన ఆటగత్తె లాంటి నిలకడ అది. శుక్రకణం వచ్చి కాల్షియం అలలు లేపేదాకా అలా బిగబట్టి ఉండాలి. ఆ కండె అంతా సూక్ష్మనాళికలు. ఒక్కోటి 25 నానోమీటర్ల లావున్న బోలు గొట్టం. మన వెంట్రుక మందంలో ఇవి పక్కపక్కన మూడు వేల దాకా పడతాయి. ట్యుబ్యులిన్ అనే ప్రోటీను జంటలు ఇటుకల్లా పేర్చుకుని ఈ గొట్టం కడతాయి. 

ఈ గొట్టాల గుణం విచిత్రం. పెరుగుతూ పెరుగుతూ ఉండి, ఉన్నట్టుండి కుప్పకూలతాయి, మళ్లీ పెరుగుతాయి. 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ ఇది బయటపెట్టారు. కొసన జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువు అంటుకున్న ఇటుకలున్నంత సేపు గొట్టం నిలుస్తుంది, ఆ టోపీ ఊడితే విడిపోతుంది. చూడ్డానికి దండగ పనిలా ఉంటుంది గానీ, కరెంటు పోయినప్పుడు చీకట్లో గోడ తడుముతూ అగ్గిపెట్టె వెతికే చెయ్యి కూడా అంతే కదా. ముందుకు చాచడం, దొరక్కపోతే వెనక్కి తీయడం, ఇంకోవైపు చాచడం. క్రోమోజోము తగిలిన గొట్టం నిలుస్తుంది, తగలనిది కూలిపోతుంది.

ఈ పోగులు నిజంగా ఉన్నాయా అని శాస్త్రవేత్తలే చాలాకాలం కొట్టుకున్నారు. చంపి రంగు వేసిన కణాల్లో కనిపిస్తున్నాయి సరే, ఆ రసాయనాల వల్ల ఏర్పడిన గీతలు కావని ఏమిటి నమ్మకం? ఆ తగువు తీర్చింది షిన్యా ఇనోవే అనే జపాన్ శాస్త్రవేత్త. ధ్రువిత కాంతితో పనిచేసే మైక్రోస్కోపు తనే కట్టుకుని, కీటాప్టెరస్ అనే సముద్రపు పురుగు అండాన్ని బతికుండగానే చూపించాడు, 1953లో. పోగులు మెరుస్తూ కనిపించాయి. అండాన్ని చల్లబరిస్తే కరిగిపోయాయి, వెచ్చబెడితే మళ్లీ వచ్చాయి. కాల్చిసిన్ వేసినా కరిగిపోయాయి. కాల్చిసిన్ అంటే గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే మాత్రే. మన అడవుల్లో ఎర్రగా, పసుపుగా మంటలా పూస్తుందే అగ్నిశిఖ, అడవినాభి అంటారు, దాని దుంపలోనూ గింజలోనూ ఉండే విషం అదే.

ఆ చల్లదనం సంగతి నా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేదే. మనిషి అండాన్ని మామూలు గది వేడిలో కాసేపు వదిలేస్తే చాలు, కండె పోగులు ఊడిపోవడం మొదలవుతుంది. మళ్లీ వెచ్చబెడితే కట్టుకుంటాయి, కానీ అన్నిట్లోనూ మునుపటిలా కట్టుకుంటాయన్న భరోసా లేదు. అందుకే మా మైక్రోస్కోపు బల్లకు కూడా 37 డిగ్రీల వేడి ఉంటుంది. డిష్ చేతికి తీసుకున్నప్పటి నుంచి ఇంక్యుబేటర్లో పెట్టేదాకా నాకు టెన్షనే. కొత్తగా చేరిన పిల్లలు డిష్ పక్కనబెట్టి ఫోను చూస్తే నేను అరిచే అరుపులు బయట రిసెప్షన్ దాకా వినిపిస్తాయట. చెప్పొచ్చేదేమిటంటే, ఎగ్ క్వాలిటీ అని మేం తేలిగ్గా అనేసే మాటలో మా చేతుల తప్పు కూడా కొంత ఉండొచ్చు. ఆ మాట ఏ రిపోర్టులోనూ రాయం.

ఇక్కడి దాకా వింటే ఈవిడ అండం పక్షం అనిపిస్తుంది. ఈమధ్య ఆ ఫ్యాషనూ వచ్చింది. "అంతా అండమే చేస్తుంది, శుక్రకణం ఉత్త డీఎన్ఏ కొరియర్" అని పోస్టులు తిరుగుతుంటాయి. చదవడానికి బాగుంటాయి, నాకూ ముచ్చటేస్తుంది. కానీ అది తప్పు. ఆ తప్పు వల్ల నష్టపోయేదీ ఆడవాళ్లే. ఎలాగో చెప్తాను.

మామూలు కణంలో పోగులు అల్లే కేంద్రాన్ని సెంట్రోసోము అంటారు. దాని లోపల సెంట్రియోల్ అనే చిన్న పీపా ఉంటుంది. అర మైక్రోమీటరు పొడవు కూడా ఉండదు. అండం తయారయ్యే దశలోనే తన సెంట్రియోల్‌ని పోగొట్టుకుంటుంది. మనుషుల్లో దాన్ని తిరిగి తెచ్చేది శుక్రకణం. తల వెనక, మెడలో దాచుకుని వస్తుంది. లోపలికి వచ్చాక తోక పనికిరాదు, అది కరిగిపోతుంది. ఆ మెడలోని పీపా చుట్టూ మాత్రం సూక్ష్మనాళికలు సూర్యకిరణాల్లా నలుదిక్కులా విచ్చుకుంటాయి. దీన్ని ఆస్టర్ అంటారు, నక్షత్రం అని అర్థం. ఆ కిరణాలు తల్లి ప్రోన్యూక్లియస్‌ను తాకితే, అది ఆ దారి పట్టుకుని తండ్రి ప్రోన్యూక్లియస్ దగ్గరికి వస్తుంది. అంటే పందెం గెలిచిన వీరుడు వెళ్లి రాకుమారిని చేపట్టడం కాదు. పెద్ద దూరం నడిచేది తరచు ఆవిడే, అతను వేయించిన దారి మీద. ఆ దారికి కంకరా తారూ అన్నీ ఆవిడవే. పీపా చుట్టూ చేరే గామా ట్యుబ్యులిన్ లాంటి సామాను, వేలకు వేల ట్యుబ్యులిన్ ఇటుకలు, దాదాపు అన్నీ అండం తన కడుపులో దాచుకున్నవే. కదురుపుల్ల అతనిది, నూలంతా ఆమెది. ఈ రెంటిలో ఏది లేకపోయినా దారం రాదు.

శుక్రకణం ఈ పీపాను తెస్తుందని మొదట గట్టిగా వాదించినవాడు జర్మనీ శాస్త్రవేత్త తియోడోర్ బోవెరి. 1880ల చివర్లోనే. సెంట్రోసోము అన్న పేరు పెట్టిందీ ఆయనే. తర్వాత సముద్రపు ఉర్చిన్ అనే ముళ్లజీవి అండాల్లోకి రెండేసి శుక్రకణాలు దూరేలా చేసి చూశాడు. రెండు శుక్రకణాలంటే రెండు సెంట్రోసోములు, అవి రెట్టింపై నాలుగు కొసలు. కండెకు రెండు కొసలుండాల్సింది నాలుగుంటే క్రోమోజోములు ఇష్టం వచ్చినట్టు పంచబడతాయి, పిండం పాడవుతుంది. ఒక్కో క్రోమోజోముకు ఒక్కో పని ఉంటుందని, అన్నీ సరిగ్గా ఉంటేనే పిండం ఎదుగుతుందని ఆయన 1902లో తేల్చింది ఇందులోంచే. ఈ ప్రయోగాల్లో పక్కన కూర్చుని పనిచేసినామె ఆయన భార్య మార్సెల్లా, అమెరికా జీవశాస్త్రవేత్త. ఆయన పోయాక, కణితుల మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1929లో ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆమే. పాఠ్యపుస్తకాల్లో బోవెరి అన్న పేరు వస్తుంది, మార్సెల్లా రాదు. సొసైటీ పుస్తకం జర్మనీలోనూ ఉందన్నమాట.

ఆ నక్షత్రానికి ఎంత పలుకుబడి ఉందో చూపే ప్రయోగం ఇంకొకటుంది, నాకు చాలా ఇష్టమైనది. 1961లో రే రాపపోర్ట్ అనే అమెరికన్, శాండ్ డాలర్ అనే సముద్రజీవి అండం మధ్యలో ఓ చిన్న గాజు గుండును నొక్కి పెట్టాడు. అండం గారెలా అయ్యింది, నడిమిన చిల్లు. మొదటి విభజనలో గారె ఒకచోట తెగింది, లాడం ఆకారంలో ఒకే కణం, అందులో రెండు కేంద్రకాలు. రెండోసారి రెండు కండెలూ తమ తమ చోట మధ్యలో తెంపాయి, అది అనుకున్నదే. కానీ లాడం వంపులో, కండే లేని చోట, క్రోమోజోమే లేని చోట, మూడో గాటు పడింది. అక్కడున్నదల్లా రెండు వేర్వేరు కండెల నక్షత్రాలు వీపులు ఆనించుకున్నట్టు ఎదురుబొదురుగా ఉండటమే. అంటే కణాన్ని ఎక్కడ కోయాలో చెప్పగలిగేది ఆ కిరణాలే. క్రోమోజోములు ఉన్నా లేకపోయినా వాటి మాట చెల్లుతుంది.

ఇప్పుడు ఆ జంట దగ్గరికి రండి. రెండు ప్రోన్యూక్లియస్‌లూ వచ్చాయి, కలుసుకోలేదు, విడిపోలేదు. ఇది అండంలో సామాను తక్కువై జరగొచ్చు. శుక్రకణం తెచ్చిన పీపా సరిగ్గా లేక నక్షత్రం విచ్చుకోక కూడా జరగొచ్చు. మనుషుల్లో సెంట్రోసోము తండ్రి వైపు నుంచే వస్తుందని, దానిలో లోపం ఉంటే పిల్లలు కలగకపోవచ్చని జెరాల్డ్ షాటెన్ బృందం 1995లోనే రాసింది. మరి మనం అబ్బాయికి చేయించే వీర్యపరీక్షలో ఏముంటుంది? కౌంటు, కదలిక, ఆకారం. ఎన్ని ఉన్నాయి, ఎంత చురుగ్గా ఈదుతున్నాయి, తల ఎలా ఉంది. మెడలో పీపా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మామూలు రిపోర్టులో గడే లేదు. గడి లేదు కాబట్టి లోపమూ లేదు. అతను నార్మల్. మిగిలింది ఎవరు?

అండమే అంతా చేస్తుందన్న పోస్టులు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అంతా నీదే అన్నాక, చెడిందీ నీదే అవుతుంది.

ఎలుకలు కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టించాయి. ల్యాబుల్లో ఎక్కువగా చదివింది ఎలుక అండాల్నే. ఎలుక శుక్రకణం సెంట్రియోల్ తేదు. ఎలుక అండం తనలోని చిన్న చిన్న పోగుకేంద్రాలతోనే పని నడిపేస్తుంది. ఎలుకను చూసి మనిషిని ఊహిస్తే మగవాడి వాటా మాయమైపోతుంది. అందుకే మనిషి శుక్రకణం నక్షత్రం వేయగలదో లేదో చూడాలనుకున్న పరిశోధకులు ఎలుక అండాన్ని పక్కనబెట్టి ఆవు అండంలో పెట్టి చూశారు. ఆవు కూడా మనలాగే తండ్రి పీపా మీద ఆధారపడే జీవి. పిండం చేయడానికి కాదు, నక్షత్రం విచ్చుకుంటుందా లేదా అన్న ఒక్క విషయం కోసం. ఇది పరిశోధనశాలల పని, మా క్లినిక్కులో చేసేది కాదు. ఇంకోటి: మనిషి శుక్రకణంలో రెండు సెంట్రియోల్‌లు ఉన్నా రెండోది శిథిలమైపోయింది, పనికిరాదు అనుకునేవారు. 2018లో ఒహాయోలోని టొలీడో విశ్వవిద్యాలయంలో తోమర్ అవిడోర్-రీస్ బృందం, అది శిథిలం కాదు, వేషం మార్చుకుంది, అదీ పోగులు అల్లుతుంది అని చూపించింది. 2018 అంటే మొన్నే. నేను చదువుకున్న పుస్తకంలో ఉన్నది తప్పని తేలాక కూడా నేను అదే పుస్తకం జ్ఞానంతో రిపోర్టులు రాస్తున్నాను.

అండంలో లోపాలే ఉండవని నేననడం లేదు. ఉంటాయి, చాలా ఉంటాయి. క్రోమోజోముల లెక్క తప్పిన పిండాల్లో ఎక్కువ వాటి తప్పు మొదలయ్యేది అండం తయారీలోనే, వయసు పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. క్రోమోజోములను జంటగా పట్టి ఉంచే బంధం, అమ్మాయి తల్లి కడుపులో ఉన్నప్పుడు కట్టింది, ముప్ఫై అయిదు నలభై ఏళ్లు అలాగే బిగిసి ఉండాలి. ఏ ముడైనా వదులవుతుంది. పైగా మనిషి అండం సెంట్రోసోము లేకుండానే కండె కట్టాలి. 2015లో మెలీనా షూ బృందం బతికున్న మనిషి అండాల్లో అది చూసింది. మామూలు శరీర కణం అరగంటలో ముగించే పనికి అండానికి 16 గంటలు పట్టింది. కట్టేటప్పుడు కండె మాటిమాటికీ కొసలు చీలి రూపు తప్పింది. 2022లో వాళ్లే ఒక కారణం పట్టుకున్నారు: పోగుల్ని కట్టకట్టి ఉంచే కేఐఎఫ్‌సీ1 అనే ప్రోటీను ఆవు, పంది, ఎలుక అండాల్లో ఉంది, మనిషి అండాల్లో లేనట్టే. బయటి నుంచి ఆ ప్రోటీను ఇస్తే కండె నిలదొక్కుకుంది. ఇది ఏ ఒక్క ఆడమనిషి లోపమూ కాదు, మన జాతి జాతికే ఇలా ఉంది. ఉపవాసాలు చేసినా, పొడులు తాగినా, నడుము వంచి ముగ్గులు వేసినా రాని ప్రోటీను అది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం టీయూబీబీ8 కథ. అండంలో వాడే ట్యుబ్యులిన్‌లో ఒక రకం ఈ జన్యువు నుంచి వస్తుంది. కోతులు, మనుషుల వంశంలోనే ఉంటుంది. 2016లో చైనా పరిశోధకులు, అండాలు పక్వం కాక ఆగిపోతున్న 24 కుటుంబాలను చూస్తే 7 కుటుంబాల్లో ఈ జన్యువులో మార్పు దొరికింది. చెడిన ఇటుక ఒక్కటి కలిసినా గోడ నిలవదు, కాబట్టి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రెండు జన్యు ప్రతుల్లో ఒక్కటి చెడితే చాలు. మరి అలాంటి మార్పున్న అమ్మకు పిల్లలే పుట్టరు కదా, కూతురికి ఎక్కడి నుంచి వచ్చింది? కొందరిలో కొత్తగా పుట్టింది. మిగతా వాళ్లకు నాన్న నుంచి. ఆయనకు ఆ జన్యువుతో పనే లేదు, ఆరోగ్యంగా ఉన్నాడు, పిల్లల్ని కన్నాడు. అంటే "పూర్తిగా అండం లోపం" అని ధైర్యంగా రాయదగ్గ కేసులో కూడా ఆ లోపం పుట్టింటి నుంచి నాన్న చేతి మీదుగా వచ్చిన సారె కావొచ్చు. ఇప్పుడు ఆ అత్తగారు ఏ పొలాన్ని తిడతారు?

ఇంకో చిన్న మాట. ఫలదీకరణలో రెండు కేంద్రకాలూ కలిసి ఒకటైపోతాయని పదో తరగతి నుంచి రాస్తూ వచ్చాం. 1870ల్లో ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ఉర్చిన్‌లో చూసింది అదే, అక్కడ అది నిజం. మనలాంటి క్షీరదాల్లో అలా ఒకే కేంద్రకం ఏర్పడదు. రెండు ప్రోన్యూక్లియస్‌లూ పక్కపక్కకు వచ్చి, పొరలు విప్పేసుకుని, నేరుగా విభజనలోకి దిగుతాయి. 2018లో యాన్ ఎల్లెన్‌బర్గ్ బృందం ఎలుక పిండంలో ఇంకా వింత చూసింది. తల్లి క్రోమోజోములకు ఒక కండె, తండ్రి క్రోమోజోములకు ఒక కండె, రెండూ పక్కపక్కన కట్టుకుని తర్వాతే ఒక్కటిగా వరసపడ్డాయి. పెళ్లయిన మొదటి ఏడాది రెండు పొయ్యిలు పెట్టుకున్నట్టు. వేవిళ్లప్పటి నుంచే "అచ్చం మా వంశమే" అనే వాళ్లకు ఈ వీడియో చూపించాలని నాకు కోరిక.

ఆ రోజు సాయంత్రం ఫైల్లో "పూర్ ఎగ్ క్వాలిటీ" అని అప్పటికే టైపు చేసి ఉన్న మాట తీసేశాను. దాని బదులు ఇలా రాశాను: "ఆరు అండాలకు ఇక్సీ. నాలుగింట్లో రెండు ప్రోన్యూక్లియస్‌లు ఏర్పడ్డాయి. అవి దగ్గరకు రాలేదు, విభజన జరగలేదు. కారణం అండం వైపు నుంచా, శుక్రకణం వైపు నుంచా అనేది ఉన్న పరీక్షలతో చెప్పలేం." సంతకానికి పంపాను.

పెద్ద డాక్టరు గారు పిలిచారు. "ఇలా రాస్తే పేషెంట్లు వంద ప్రశ్నలు అడుగుతారమ్మా" అన్నారు. అడగనివ్వండి సార్ అన్నాను. "అబ్బాయి తరఫు వాళ్లు గొడవ పెట్టుకుంటారు." ఇన్నాళ్లూ అమ్మాయి తరఫు వాళ్లు పెట్టుకోలేదు కదా సార్ అన్నాను. ఆయన చాలాసేపు ఆ లైను వైపు చూశారు. కొట్టేయలేదు. సంతకమూ పెట్టలేదు. రేపు మాట్లాడదాం అని ఫైలు సొరుగులో పెట్టారు.

ఆ అమ్మాయి సోమవారం మళ్లీ వస్తుంది, ఈసారి అత్తగారు లేకుండా రమ్మన్నాను. అబ్బాయిని మాత్రం తప్పకుండా తీసుకురమ్మన్నాను.